తొమ్మిదింటికి చక్రం తిప్పుతోందెవరు?

ప్లాన్ వంద ఎంబీపీఎస్. తెల్లవారుజామున చూస్తే తొంభై పైనే వస్తుంది. రాత్రి భోజనాలయ్యాక సినిమా పెడితే మాత్రం తెర మీద గుండ్రం. తప్పు రౌటర్‌దా, వీధి చివరి డబ్బాదా, కంపెనీదా? పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టేముందు తేల్చుకోవాల్సింది అదే.

రాత్రి ఎనిమిదిన్నర. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి, కరీంనగర్ అయినా తేడా లేదు. హాల్లో టీవీ మీద మ్యాచ్ నడుస్తోంది. లోపలి గదిలో ఇంటర్ చదివే అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు వింటోంది. డాలస్‌లో ఉన్న పెద్దబ్బాయికి అది పొద్దున పూట. ఆఫీసు పనిలో పడకముందే అమ్మానాన్నల్ని చూద్దామని వీడియో కాల్ చేశాడు. "అమ్మా, నీ బొమ్మ ఆగిపోయింది" అంటాడతను. "నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోందిరా" అంటుందామె. టీవీలో బౌలర్ పరుగు మధ్యలో నిలబడిపోయాడు. ఇంతలో పక్క ఫ్లాట్ నుంచి "సిక్స్!" అని కేక. మన బౌలర్ ఇంకా బంతి వెయ్యనే లేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఏం చెబుతారో అందరికీ తెలుసు. "ఒకసారి రౌటర్ ఆపి ఆన్ చేయండి సార్." ఆపుతాం, వేస్తాం, మళ్లీ ఆపుతాం. అప్పటికి పదిన్నర దాటుతుంది. జనం పడుకుంటారు, నెట్ తేరుకుంటుంది. బాగుచేసిన పేరు మాత్రం ఆ స్విచ్చుకు దక్కుతుంది.

ఇక్కడ మొదట పట్టుకోవాల్సింది వేళ. వైరు తెగినా, జాయింటు పాడైనా, రౌటర్ చెడినా పొద్దున ఆరింటికి కూడా నెట్ మొరాయిస్తుంది. పొద్దున బాగుండి రాత్రికే మందగిస్తోందంటే సాధారణంగా ఏదీ చెడిపోలేదు, ఎక్కడో వరస పెరిగింది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బయల్దేరినవాళ్లకు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఈ సంగతి అనుభవమే. కారు ఎంత కొత్తదైనా అక్కడ ముందున్న బండి కదిలితేనే మన బండి కదులుతుంది. వంద నుంచి మూడు వందల ఎంబీపీఎస్‌కు మారడం చాలా ఇళ్లలో అలా కారు మార్చడమే. వరస ఎక్కడుందో తెలియకుండా ప్లాన్ పెంచితే కంపెనీకి లాభం, మనకు అదే గుండ్రం.

ఈ లెక్క ఇంటర్నెట్ కంటే చాలా పాతది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏజీ ఎర్లాంగ్ 1909లోనే దీని మీద పరిశోధనా పత్రం రాశాడు. ఊళ్లో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి మోగవు కాబట్టి అన్నింటికీ విడివిడిగా లైన్లు వేయక్కర్లేదు. అయితే రద్దీ గంటలో ఎన్ని లైన్లుంటే ఎంతమందికి దొరకకుండా పోతుంది? ఆ ప్రశ్నకు ఆయన సూత్రం కట్టాడు. నేటి బ్రాడ్‌బ్యాండ్ వ్యాపారం నడిచేదీ ఆ ఆలోచన మీదే. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో ఒక కనెక్షన్ సామర్థ్యాన్ని యాభై మంది వరకు పంచుకోవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో మార్గదర్శకం ఇచ్చింది. వ్యాపార కనెక్షన్లకు ఒకటికి ముప్పై. వినగానే మోసంలా అనిపిస్తుంది గానీ కాదు. ఎవరితోనూ పంచుకోని లైన్ కావాలంటే లీజ్డ్ లైన్ తీసుకోవాలి, దాని బిల్లు చూస్తే పంచుకోవడమే నయమనిపిస్తుంది. పంచడం తప్పు కాదు. కనెక్షన్లు పెంచుకుంటూ పోయి, పంచే సరుకు పెంచకపోవడమే తప్పు.

ముందు వైరు పెట్టి చూడండి

ఫోన్‌లో వైఫై మీద స్పీడ్ టెస్ట్ నడిపి, ఆ అంకె ఫొటో తీసి కంపెనీకి పంపిస్తే వాళ్లు పట్టించుకోరు. ఆ విషయంలో న్యాయం వాళ్ల వైపే ఉంది. ఆ అంకెలో మీ గోడలు, మీ ఫోన్ వయసు, పక్కింటి రౌటర్ అన్నీ కలిసి ఉంటాయి. ఒక ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. దాని వైఫై ఆపండి. ఇంట్లో మిగతావన్నీ పది నిమిషాలు ఆపించండి, టీవీ సీరియల్ వేళ కాకుండా చూసుకుంటే ఇంటి శాంతికి మంచిది. పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలవండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సేపు) మూడూ రాసుకోండి. ఇలా వారం చేస్తే చాలు.

ఇక్కడే ఒక చిన్న మెలిక. రెండు వందల ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి ఏ వేళ కొలిచినా తొంభై నాలుగు, తొంభై అయిదు దగ్గరే ఆగుతోందంటే రద్దీని తిట్టకండి. చౌక డబ్బాల్లో లాన్ పోర్టు వంద ఎంబీపీఎస్‌దే ఉంటుంది. లేదా కేబుల్ లోపల నాలుగు జతల తీగల్లో ఒకటి తెగి ఉంటుంది. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, వందకు రెండు చాలు. అందుకే తెగిన కేబుల్ కూడా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

వైరు మీద రాత్రి కూడా బాగుండి వైఫై మీద మాత్రం బాగోకపోతే తగువు మీ గదిలోనే ఉంది. వైరు మీదే రాత్రికి పడిపోతే వీధిలోకి వెళ్లాలి. ఈ రెంటి మధ్య మూడోది ఒకటి ఉంది, చాలామందికి కనపడనిది. దాని దగ్గరకు తర్వాత వద్దాం.

గాల్లో గుంపు

వైఫైకి మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పదమూడు ఛానెళ్లున్నాయి. ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి మాత్రం మూడే: ఒకటి, ఆరు, పదకొండు. ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే పొరుగువాళ్ల పేర్లు ఇరవై కనిపిస్తాయి కదా, ఆ ఇరవై రౌటర్లూ ఈ మూడు ఛానెళ్ల మీదే సర్దుకోవాలి. పైగా ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. మీ టీవీ ఆగేది మీ ఇంట్లో వాళ్ల వల్లే కానక్కర్లేదు, పై అంతస్తు వాళ్ల పిల్లాడి గేమ్ వల్ల కూడా కావచ్చు. అందరూ ఇళ్లకు చేరేది రాత్రికే కాబట్టి ఇదీ కంపెనీ తప్పులాగే కనిపిస్తుంది.

మందు తేలికే. టీవీ, ల్యాప్‌టాప్, కొత్త ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. ఆ పట్టీలో ఛానెళ్లు ఎక్కువ. 2018లో మన ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేకుండా అందులో మరింత చోటు తెరిచింది. గోడలు సరిగా దాటలేకపోవడం దాని లోపం. అపార్ట్‌మెంట్‌లో అదే దాని గుణం, పక్కవాళ్లది కూడా మనింట్లోకి అంతగా రాదు. రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టి ఉంటే విడదీసి వేర్వేరు పేర్లు పెడితే ఎవరు దేని మీద ఉన్నారో తెలుస్తుంది.

రౌటర్ ఎక్కడుందన్నది ఇంకో కథ. కేబుల్ కుర్రాడు ఎక్కడ గోడకు కన్నం వేశాడో అదే దాని స్థానం. చెప్పుల స్టాండు పైన, టీవీ వెనక, ఇనుప మీటర్ బాక్సులో. కొందరి ఇళ్లలో అయితే ఫాల్స్ సీలింగ్ లోపల. ఇనుమూ, అద్దమూ, నీళ్లూ వైఫైకి పడవు. అక్వేరియం పక్కన పెడితే చేపలు బాగానే ఉంటాయి, నెట్టే ఉండదు. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, ఎదుట ఏదీ అడ్డం లేకుండా పెట్టడానికి అయిదు మీటర్ల కేబుల్ ఖర్చు. సాలీడు కాళ్లలా ఎనిమిది యాంటెన్నాల కొత్త రౌటర్ కొనేముందు ఇది చేసి చూడండి. చివరి గదికి అందక రిపీటర్ పెట్టుకుంటే అది విన్నదాన్నే మళ్లీ అదే గాల్లో చెప్పాలి. ఒకే పట్టీ మీద వినడం, చెప్పడం రెండూ చేసేదైతే వేగం సగానికి పడుతుంది. ఆ గదికి వైరు లాగి అక్కడ రెండో రౌటర్ పెట్టడమే పద్ధతి.

కనపడని వరస

ఇక ఆ మూడోది. పెళ్లి నుంచి ఇంటికొచ్చారు. ఫోన్‌లో నాలుగు వందల ఫొటోలు, ఒక్కోటీ నాలుగు మెగాబైట్లు. వైఫై తగలగానే ఫోన్ తనంతట తాను వాటిని క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెడుతుంది. పది ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్ మీద ఆ పని ఇరవై నిమిషాలకు పైనే. ఆ సేపంతా ఇంట్లో ఎవరి వీడియో కాలూ సాగదు. చూడబోతే డౌన్‌లోడ్ ఖాళీగానే ఉంటుంది. ఇదెక్కడి చోద్యం?

డౌన్‌లోడ్ చేసే ప్రతి ముక్కకూ "అందింది" అని మన వైపు నుంచి రసీదు వెళ్లాలి. ఆ రసీదు ఫొటోల వెనక వరసలో నిలబడుతుంది. రౌటర్లలో, మోడెమ్‌లలో తయారీదారులు మెమరీ ధారాళంగా పెట్టేశారు. రౌటర్ ఒక్క ముక్క కూడా పారేయకుండా అన్నింటినీ దాచుకుంటూ పోతుంది. వరస పొడుగవుతుంది, పింగ్ ఇరవై మిల్లీసెకన్ల నుంచి నాలుగైదు వందలకు ఎగబాకుతుంది. వేగం ఉంటుంది, చురుకు ఉండదు. ఎక్స్ విండో అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ రూపకర్తల్లో ఒకరైన జిమ్ గెట్టిస్ 2010లో తన ఇంట్లో నెట్ ఎందుకు ఇలా కూలబడుతోందా అని తవ్వుతూ పోయి దీన్ని పట్టుకున్నాడు. బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు.

పేరు కొత్తదైనా జబ్బు పాతదే. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, నాలుగు వందల గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తప్పిపోయిందనుకున్న ప్రతి ముక్కనూ కంప్యూటర్లు మళ్లీ మళ్లీ పంపడంతో దారి పూడుకుపోయింది. వాన్ జాకబ్‌సన్, మైఖేల్ కరెల్స్ కలిసి, దారి ఇరుకైతే పంపేవాళ్లే తగ్గేలా చేశారు. 1988లో వచ్చిన ఆ పత్రం మీదే నేటి ఇంటర్నెట్ కూలకుండా నిలబడి ఉంది. అయితే ఆ పద్ధతి పనిచేయాలంటే ఎక్కడో ఒక ముక్క పడిపోయి "ఇరుకైంది" అని కబురు అందాలి. దాచుకునే అరలు పెద్దవైతే ఆ కబురే ఆలస్యమవుతుంది. అదే జాకబ్‌సన్ 2012లో క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి కోడెల్ అనే విరుగుడు కనిపెట్టాడు. వరస ఎంత పొడుగుందని కాక, ఒక్కో ముక్క ఎంతసేపు నిలబడిందని చూస్తుందది. అయిదు మిల్లీసెకన్లకు మించిన ఆలస్యం అలాగే కొనసాగితే ముక్కల్ని పారేయడం మొదలుపెడుతుంది. పారేయడమే మేలు చేయడం ఇక్కడ.

మీ ఇంట్లో ఉందో లేదో తెలుసుకోవడం సులువు. కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి 8.8.8.8కు ఆగకుండా పింగ్ నడపండి. అది నడుస్తుండగానే స్పీడ్ టెస్ట్ పెట్టండి. పింగ్ కొద్దిగా పెరిగితే సరే. పది, ఇరవై రెట్లు పెరిగితే జబ్బు ఇంట్లోనే. కొన్ని రౌటర్లలో ఎస్‌క్యూఎం అనో, క్యూఓఎస్ అనో, బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనో ఒక పేజీ ఉంటుంది. అక్కడ డౌన్‌లోడ్, అప్‌లోడ్ పరిమితుల్ని మీ లైన్ వేగంలో ఎనభై అయిదు, తొంభై శాతం దగ్గర కట్టేయండి. కొంచెం వేగం పోతుంది, కాల్ నిలుస్తుంది. పరిమితి పెట్టేటప్పుడు ప్లాన్ అంకె చూడకండి, రాత్రి తొమ్మిదికి కొలిచిన అంకె చూడండి. వరస వీధిలో ఉన్నప్పుడు మన రౌటర్ దాన్ని అదుపు చేయలేదు. ఆ పేజీ లేని రౌటర్ అయితే ఫొటోల బ్యాకప్‌ను రాత్రి వైఫై మీద తాత్కాలికంగా ఆపండి. క్లౌడ్‌కు వీడియో పంపే సీసీ కెమెరాల నాణ్యత తగ్గించండి. అవి రోజంతా అప్‌లోడ్ తింటూనే ఉంటాయి.

వీధి చివర లెక్క

మన ఊళ్లకు నెట్ వచ్చిన దారి విచిత్రమైనది. చాలా చోట్ల ఒకప్పుడు ఇంటింటికీ టీవీ తీగ లాగిన కేబుల్ ఆపరేటరే ఇప్పుడు ఫైబర్ లాగుతున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఊరూరా పాకింది. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇస్తామంటూ మొదలైంది. తెలంగాణలో టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ల గొట్టాల కోసం తవ్విన కందకాలు కలిసొచ్చాయి. పెద్ద ప్రైవేటు కంపెనీలకూ చాలా ఊళ్లలో చివరి మైలు స్థానిక ఆపరేటర్‌దే.

మీ ఇంటి ఫైబర్ ఒంటరిగా పోదు. వీధిలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా దగ్గర ముప్పై రెండో అరవై నాలుగో ఇళ్ల ఫైబర్లు ఒక్కదానిలో కలుస్తాయి. జీపాన్ అనే ఈ పంపిణీ పద్ధతిలో ఆ ఒక్క ఫైబర్ సెకనుకు 2.5 గిగాబిట్ల దాకా కిందికి మోస్తుంది. అరవై నాలుగు ఇళ్లూ ఒకేసారి హెచ్‌డీ సినిమా పెట్టాయనుకుందాం. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్కలో ఒక్కోదానికి 5 ఎంబీపీఎస్ చాలు, మొత్తం 320. ఫైబర్‌కు అదొక లెక్కే కాదు. మరి ఇరుకు ఎక్కడ? ఆ ఫైబర్లన్నీ చేరే ఆపరేటర్ గదిలో. అక్కడ ఫైబర్లు వచ్చి తగిలే ఓఎల్‌టీ అనే పెట్టెకు ఎనిమిది పోర్టులుండి, పోర్టుకు అరవై నాలుగు ఇళ్లుంటే అయిదు వందల పన్నెండు. అవన్నీ రాత్రి హెచ్‌డీ చూస్తే రెండున్నర గిగాబిట్లకు పైనే కావాలి. అక్కడి నుంచి పైకి ఒక్క గిగాబిట్ లింకే ఉంటే ఎవరి ప్లాన్ ఎంతైనా ఒకటే. ఇళ్ల సంఖ్య మారవచ్చు గానీ ఇరుకు చాలాసార్లు ఇక్కడో, ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్‌లోనో ఉంటుంది.

దీన్ని ఇంట్లో కూర్చునే పసిగట్టవచ్చు. మామూలు స్పీడ్ టెస్టు సర్వర్ చాలాసార్లు మీ కంపెనీ గదిలోనే ఉంటుంది. అందుకే "చూడండి సార్, వంద వస్తోంది" అని టెక్నీషియన్ ధైర్యంగా చూపించగలడు. దాంతోపాటు నెట్‌ఫ్లిక్స్ నడిపే ఫాస్ట్ డాట్ కామ్ కూడా నడపండి. దూరపు ఊళ్లోని సర్వర్‌ను ఎంచుకుని మొదటి టెస్టు మళ్లీ చేయండి. దగ్గరిది వంద, దూరానిది పది అయితే మీ వీధి బాగుంది, కంపెనీ బయటికి కొన్న దారి ఇరుకు. యూట్యూబ్ హాయిగా ఆడుతూ డాలస్ కాల్ మాత్రం తెగడానికి కారణమూ ఇదే. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ తమ వీడియోల నకళ్లను పెద్ద కంపెనీల గదుల్లోనే సర్వర్లలో పెట్టి ఉంచుతాయి. కొడుకు మొహానికి నకలు ఉండదు.

లైవ్ మ్యాచ్‌దీ కొంత ఇదే గోల. సినిమాలాగా ముందురోజే తెచ్చిపెట్టుకోవడానికి లేదు. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే క్షణంలో 5.9 కోట్ల మంది చూశారు. అలాంటి రాత్రి మీ రౌటర్ మీద కోప్పడి లాభం లేదు. నాణ్యత 480కి దించుకోండి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మొబైల్ నెట్‌వర్క్‌ల మీద దేశమంతటికీ ఓటీటీ సంస్థలు చేసింది అదే.

ఇంకో లక్షణం ఉంది, స్లో అని పొరబడేది. స్పీడ్ టెస్ట్ బాగుంటుంది, పేజీలు సగం తెరుచుకుని ఆగుతాయి, బ్యాంకు యాప్ తిరుగుతూనే ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో వ్యాన్ అడ్రస్ (కంపెనీ ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరూ, ఇంకెందరో ఇళ్లవాళ్లూ కలిసి ఒకే బయటి అడ్రస్ వాడుతున్నారని అర్థం. రద్దీలో మీ వాటా పోర్టులు అయిపోతే కొత్త కనెక్షన్ దొరకదు. ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్ ఇవ్వమని అడగండి, ఎక్కువ భాగం తీరుతుంది. సైట్ పేరును అడ్రస్‌గా మార్చి చెప్పే డీఎన్ఎస్ మారిస్తే నెట్ రాకెట్ అవుతుందని చెప్పే వీడియోలను మాత్రం నమ్మకండి. పేజీ మొదలవడం కాస్త త్వరపడొచ్చు, సినిమా వేగం పెరగదు. నెలాఖరుకే పడిపోతోందంటే ప్లాన్‌లోని డేటా పరిమితి చూడండి. "అన్‌లిమిటెడ్" కింద చిన్న అక్షరాల్లో అది ఉంటుంది.

ఎవరిని, ఏమని అడగాలి

"నెట్ స్లోగా ఉంది" అంటే "రౌటర్ ఆపండి" అనే జవాబే వస్తుంది. "వైరు మీద పొద్దున 96, రాత్రి తొమ్మిదికి 14, వారం రోజులుగా ఇదే, అప్‌లింక్ ఎంత నిండిందో చూడండి" అంటే అవతలి గొంతు మారుతుంది. ఫైబర్ కుర్రాడు వస్తే పవర్ మీటర్ పెట్టించి లెవెల్ కూడా రాయించుకోండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే రద్దీతో పనిలేకుండానే జాయింటో, వంగిన ప్యాచ్‌కార్డో చూడాలి. అన్నిటికంటే బలమైన సాక్ష్యం పొరుగువాళ్లు. ఒకే భవనంలో మూడు ఫ్లాట్ల వాళ్లు అవే వేళల అంకెలు చూపిస్తే ఇక రౌటర్ మీదికి నెట్టడం కుదరదు.

ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబర్ తప్పక తీసుకోండి. ఆ జవాబు నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. నిబంధనలూ లేకపోలేదు. రద్దీ గంటల్లో లింకులు ఎనభై శాతానికి మించి నిండకూడదని 2006 నాటి ట్రాయ్ నాణ్యతా నిబంధనల్లోనే ఉండేది. వాటి స్థానంలో 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో నిర్వచనం మార్చారు. నలుగురున్న ఇంటికి ఆ అంకె ఏ మూలకు? ప్రకటనల్లో "వంద ఎంబీపీఎస్ వరకు" అని వేసుకునే ప్రతి కంపెనీ, దాని కిందే రాత్రి తొమ్మిదింటి అంకె కూడా వేయాలని నియమం పెడితే సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయని నా నమ్మకం.

కంపెనీ మారదామనుకుంటే ఏడాది రీఛార్జ్ తగ్గింపుకు ఆశపడకండి, నెల తీసుకుని చూడండి. చేరేముందు అదే కనెక్షన్ ఉన్న పొరుగింటికి రాత్రి తొమ్మిదికి వెళ్లి, వాళ్లు ఏమీ అనుకోకపోతే ఒక టెస్ట్ నడిపి రండి. ఇంకొకటి కూడా వాకబు చేయండి. కొన్ని వీధుల్లో రెండు కంపెనీల కనెక్షన్లూ ఒకే ఆపరేటర్ గదిలోంచి, ఒకే లింకు మీద వస్తాయి. పాత కంపెనీ బాక్స్ పీకడానికీ, కొత్త కంపెనీ బాక్స్ పెట్టడానికీ ఒకే కుర్రాడు వస్తే, డ్రిల్లింగ్ మొదలుపెట్టకముందే ఆ సంగతి అతన్నే అడగండి.